థార్‌కి లిఫ్ట్ కిట్ వేయించాలి: 40 మి.మీ. సరిపోతుందా, 3 అంగుళాలు కావాలా?

#1 | నిర్మల్_థార్ | మే 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాది 2022 మహీంద్రా థార్ డీజిల్, మాన్యువల్, హార్డ్ టాప్, ఎల్ఎక్స్ వేరియంట్. ఉండేది నిర్మల్‌లో. బోథ్ వైపు మాకు పత్తి చేను ఉంది. తారు రోడ్డు దిగాక రెండున్నర కిలోమీటర్లు నల్లరేగడి బాట, మధ్యలో ఒక వాగు. ఎండాకాలం ఏ బండైనా పోతుంది. మిరుగం పడ్డాక ట్రాక్టర్లు తిరిగి తిరిగి బాట రెండు కాలువల్లా తయారవుతుంది, నడుమ గట్టు మిగులుతుంది. పోయిన వానాకాలం మూడుసార్లు బండి కింద గట్టిగా రాసుకుంది. ఒకసారైతే చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం కదల్లేదు. పక్క చేను వాళ్ల ట్రాక్టర్ వచ్చి లాగింది.

పొడుగు స్ప్రింగులతో బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ గురించి హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగితే 3 అంగుళాల లిఫ్ట్, 33 అంగుళాల టైర్లు వేసుకోమన్నారు. ఒక్క రోజు పని, పొద్దున ఇస్తే సాయంత్రం తీసుకుపోవచ్చు అన్నారు. ఇంకో షాపులో 40 మి.మీ. చాలన్నారు. మూడోచోట స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర పెట్టే మందపాటి బిళ్లలు) పెడితే పదిహేను వేలలో అయిపోతుందన్నారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పేసరికి టెన్షన్ మొదలైంది.

బండికి ముందు స్టీల్ బంపర్, విన్చ్ (ఇరుక్కున్నప్పుడు తాడుతో లాగే మోటారు) ఉన్నాయి. పైన క్యారియర్. వారంలో నాలుగు రోజులు అమ్మ నాతో చేనుకు వస్తుంది. ఆమెకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. నెలకోసారి హైదరాబాద్ పోయొస్తాం, కాబట్టి హైవే మీద కూడా బండి నిలకడగా ఉండాలి. వానలు పడేలోపు పని అవ్వాలి. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

#2 | వికారాబాద్_4x4 | మే 9, రాత్రి 9:48

అన్నా, 3 అంగుళాలే వేయించు. నేను రెండు నెలల కింద వేయించాను. బండి లుక్కే మారిపోయింది. అనంతగిరి వైపు ఏ రాయీ తగలట్లేదు. తక్కువ వేయించి మళ్లీ మార్చుకోవడం కన్నా ఒక్కసారే పెట్టేయడం మేలు.

#3 | జగిత్యాల_షార్జా | మే 9, రాత్రి 11:05

తమ్ముడూ, నేను షార్జాలో ఒక గ్యారేజీలో పదకొండేళ్లుగా సస్పెన్షన్ పనే చేస్తున్నా. ఎక్కువగా పాట్రోల్, ల్యాండ్ క్రూజర్ బండ్లు. థార్ ఇక్కడ మా చేతికి రాదు కానీ, సెలవుకు వచ్చినప్పుడు మా బావమరిది థార్‌కి నా చేతులతోనే కిట్ వేశాను.

కిట్ సంగతి కాసేపు పక్కన పెట్టు. రేపు బండిని వాటర్ సర్వీసింగ్ ర్యాంపు ఎక్కించి, కడిగించకముందే కిందికి వెళ్లి చూడు. గీతలు ఎక్కడ పడ్డాయి? ఏ భాగం మెరుస్తోంది? మట్టి ఎక్కడ అతుక్కుని గట్టిపడింది? ఫోటోలు పెట్టు. అది చూడకుండా ఎన్ని అంగుళాలో చెప్పడం నాకు చేతకాదు.

#4 | నిర్మల్_థార్ | మే 10, సాయంత్రం 6:30

చూశాను అన్నా, ఫోటోలు పెట్టాను. వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాల నడుమ ఉండే గేర్ల గుండు) అడుగు భాగం పెయింట్ మొత్తం పోయి ఇనుము మెరుస్తోంది. వెనక యాక్సిల్‌కి కింది లింకులు బిగించే బ్రాకెట్లు రెండూ రాసుకున్నాయి. నడుమ ట్రాన్స్‌ఫర్ కేస్ (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) కింద ఉన్న ప్లేటుకి రెండు గీతలు. ముందు బంపర్‌కి ఏమీ కాలేదు.

#5 | జగిత్యాల_షార్జా | మే 10, రాత్రి 10:40

నేను అనుకున్నది అదే. ఇప్పుడు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకో, మిగతావన్నీ దీని తర్వాతే.

థార్ వెనక యాక్సిల్ సాలిడ్. ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఒకటే ఇనుప గొట్టం, నడుమ డిఫరెన్షియల్. స్ప్రింగులు దాని పైన కూర్చుంటాయి. నువ్వు 40 మి.మీ. పొడుగు స్ప్రింగు వేసినా, 75 మి.మీ. వేసినా పైకి లేచేది ఛాసిస్, బాడీ. యాక్సిల్ మాత్రం కదలదు. డిఫరెన్షియల్ కింద ఇప్పుడు ఎంత సందు ఉందో లిఫ్ట్ తర్వాతా అంతే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అది కూడా టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే.

నీ బండి ఆగిపోయింది ఎందుకంటే, రెండు చక్రాలు కాలువల్లో దిగాయి, నడుమ గట్టు మీద డిఫరెన్షియల్ కూర్చుంది. బరువు గట్టు మీదికి పోయాక చక్రాలకు పట్టు ఎక్కడిది? ఆ రోజు నీకు 3 అంగుళాల లిఫ్ట్ ఉన్నా అక్కడే ఆగేవాడివి.

మరి లిఫ్ట్ దేనికి అంటావా. నడుమ ప్లేటుకి ఉన్న ఆ రెండు గీతలకు పనికొస్తుంది. వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు ముందు బంపర్‌కి, దిగేటప్పుడు వెనక బంపర్‌కి పనికొస్తుంది. పెద్ద టైరు వేస్తే అది ఆర్చ్‌కి తగలకుండా చోటు ఇస్తుంది. నువ్వు ముందు స్టీల్ బంపర్ పెట్టావు కాబట్టి ముక్కు కిందికి దిగి ఉంటుంది, దాన్ని సరిచేస్తుంది. ఇవన్నీ 40 మి.మీ.లో అయ్యే పనులు.

#6 | కోణాలు_కొలతలు | మే 11, ఉదయం 7:15

షార్జా అన్న చెప్పినదానికి అంకెలు వేస్తాను. నేను మెకానికల్ ఇంజనీర్‌ని, ఉండేది హైదరాబాద్‌లో, నాదీ థారే.

కంపెనీ టైరు 255/65 ఆర్18, అంటే వెడల్పు 255 మి.మీ., పక్కగోడ అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. దీని ఎత్తు సుమారు 789 మి.మీ. మీకు షాపువాళ్లు చెప్పిన 33 అంగుళాల తరహా సైజు 285/75 ఆర్16 అనుకుందాం, ఎత్తు 834 మి.మీ. తేడా 45. అందులో సగం, అంటే 22 లేదా 23 మి.మీ. మాత్రమే డిఫరెన్షియల్ కింద పెరుగుతుంది. దానికోసం మోయాల్సినవి చూడండి. స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు చక్రాలు మునుపటికంటే 5.7 శాతం ఎక్కువ దూరం పోతుంటాయి. ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కుతుంది, బురదలో లో రేంజ్‌లో (లాగుడు ఎక్కువగా ఇచ్చే గేర్లలో) మీకు కావలసిన లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. పూర్తిగా స్టీరింగ్ తిప్పితే టైరు లోపల రాసుకునే అవకాశం ఉంది. ఇంకొకటి, మన స్పేర్ టైరు వెనక తలుపుకి వేలాడుతుంది. బరువైన టైరు పెడితే ఆ తలుపు కీళ్లు కొన్నాళ్లకు వదులవుతాయి.

నడిమి మార్గం 265/75 ఆర్16. ఎత్తు 804 మి.మీ. ఏఎక్స్ వేరియంట్‌కి కంపెనీయే 16 అంగుళాల స్టీల్ రిమ్ము, 245/75 టైరు ఇచ్చేది కాబట్టి ఆ రిమ్ములు దొరుకుతాయి. ఎత్తులో లాభం ఏడెనిమిది మి.మీ. మాత్రమే, నిజమే. కానీ టైరు పక్కగోడ 166 మి.మీ. నుంచి 199 మి.మీ.కి పెరుగుతుంది. బురదలో గాలి 18–20 పీఎస్ఐకి దించినప్పుడు ఆ పక్కగోడే టైరుని పొడుగ్గా పరుచుకునేలా చేస్తుంది. 18 అంగుళాల రిమ్ముతో అంత దించడానికి నాకు ధైర్యం చాలదు.

ఇక 40 మి.మీ. లిఫ్ట్ ఏం చేస్తుందో. థార్ వీల్‌బేస్ 2,450 మి.మీ., కంపెనీ చెప్పే నడుము కోణం (గట్టు దాటేటప్పుడు బండి నడుము తగలకుండా ఉండే కోణం) 27 డిగ్రీలు. లెక్క వేస్తే 40 మి.మీ. లేపినప్పుడు అది సుమారు మూడున్నర డిగ్రీలు పెరిగి ముప్పై దాటుతుంది. గట్టు దాటేటప్పుడు ఇది తెలుస్తుంది. ముందు కోణం (ముందు బంపర్ తగలకుండా ఎక్కగలిగే వాలు) కంపెనీ బంపర్‌తో 41.8 డిగ్రీలు, అది మొదటి నుంచీ బాగానే ఉంది. మీ స్టీల్ బంపర్‌తో ఎంత మిగిలిందో కొలుచుకోండి.

#7 | గోదారి_జిమ్నీ | మే 11, ఉదయం 9:02

నాది జిమ్నీ అండి, రాజమండ్రి. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు తిరుగుతుంటాను. నేను 50 మి.మీ. కిట్ వేయించాను. జిమ్నీకి ముందు కూడా సాలిడ్ యాక్సిలే, కాబట్టి మీ బండి లెక్క వేరు. అయినా నేను నేర్చుకున్నది చెప్తాను, లిఫ్ట్ ఆలోచనలో ఉన్న జిమ్నీ వాళ్లకి ఉపయోగపడుతుంది.

యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునే రాడ్ ఒకటి ఉంటుంది. బండి లేచినప్పుడు ఆ రాడ్ వంపు పెరిగి యాక్సిల్‌ని ఒక పక్కకి లాగేస్తుంది. నా బండికి ముందు చక్రాలు 8 మి.మీ. పక్కకు జరిగాయి. కిట్‌తో పాటు పొడుగు సరిచేసుకునే రాడ్ కొనుక్కోమని ఎవరూ చెప్పలేదు, తర్వాత విడిగా కొన్నాను. స్టీరింగ్ కూడా తేలికైపోయి, గుంత దాటాక చక్రం వణికేది. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) సరిచేసే బుష్‌లు వేయించాకే ఆగింది. కాబట్టి ధర అడిగేటప్పుడు స్ప్రింగులు, షాకుల (షాక్ అబ్జార్బర్ల) ధర ఒక్కటే కాదు, బండి మళ్లీ నేరుగా నడిచే దాకా మొత్తం ఎంతవుతుందో అడగండి.

#8 | పాత_జీపు | మే 11, మధ్యాహ్నం 2:30

నిర్మల్ బాబూ, నా దగ్గర 2013 థార్ ఉంది, వెనక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు), ముందు టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ). అంతకుముందు ఇరవై ఏళ్లు నాలుగు పక్కలా కమాన్‌లే ఉన్న జీపు నడిపాను. మా రోజుల్లో లిఫ్ట్ అంటే కట్టకి ఒక పట్టీ ఎక్కువ వేయించడమే. బండి లేచేది, వెన్ను విరిగేది. ఖాళీ బండి ఎడ్లబండి కన్నా ఘోరంగా ఎగిరేది. చక్రం కిందికి సాగకపోతే గుంత దగ్గర నేలకి అందక గాల్లో ఉండిపోతుంది, గాల్లో లేచిన చక్రం బండిని లాగదు. ఎత్తు వచ్చింది కానీ పట్టు పోయింది. ఆ పట్టీ ఆరు నెలలకే తీయించేశాను.

టోర్షన్ బార్ బోల్టు తిప్పి ముందు భాగం లేపుకున్నవాళ్లనీ చూశాను. అదీ అంతే. కొత్త స్ప్రింగు వేసినట్టు కాదది, ఉన్న కదలికలో కిందికి సాగే వాటాని తినేయడమే.

#9 | సిక్కోలు_డీజిల్ | మే 11, రాత్రి 8:10

స్పేసర్ల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. పేరు చెప్పను కానీ ఒక షాపులో థార్‌కి ముందు స్పేసర్లు పెట్టించాను. చూడ్డానికి బాగుంది, ఖర్చు తక్కువ, నేను సంతోషంగానే ఉన్నాను. రెండో నెల నుంచి స్పీడ్ బ్రేకర్ దాటి చక్రం కిందికి సాగినప్పుడల్లా 'ఢక్' అని శబ్దం. అలవాటైపోతుందిలే అన్నారు. ఏడో నెలలో కుడి పక్క సీవీ జాయింట్ (ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు) మీది రబ్బరు బూటు చిరిగింది. గ్రీజు బయటికొచ్చి ఇసుక లోపలికి పోయింది. అది తెలిసేటప్పటికి జాయింటే పాడైంది. టెక్కలి దగ్గర రాత్రి పదింటికి, భార్యా పిల్లలతో హైవే పక్కన నిలబడ్డాను. మిగిలింది అనుకున్న డబ్బుకి మూడింతలు పోయింది. మా పాప ఆ రాత్రి ఏడవడం నాకు ఇప్పటికీ గుర్తే. దయచేసి ఆ దారి పట్టకండి.

#10 | జగిత్యాల_షార్జా | మే 11, రాత్రి 11:30

సిక్కోలు అన్నా, చదివి బాధేసింది. అసలు ఏం జరిగిందో చెప్తాను, ఇంకొకరికి జరగకుండా ఉంటుంది.

థార్ ముందు సస్పెన్షన్‌లో పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఇనుప ఆర్మ్‌లు), నడుమ స్ప్రింగు, షాకు కలిసిన స్ట్రట్. స్ట్రట్ పైన స్పేసర్ పెడితే స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది. అది కింది చేతికి చక్రం కన్నా లోపలగా బిగించి ఉంటుంది, కాబట్టి స్పేసర్ మందం కన్నా చక్రం దగ్గర బాగా ఎక్కువే లేస్తుంది. చక్రం పూర్తిగా కిందికి సాగినప్పుడు కంపెనీ అనుకున్న హద్దు దాటి సాగుతుంది. పై చెయ్యి బాల్ జాయింట్ చివరిదాకా వంగుతుంది, సీవీ జాయింట్ కోణం విపరీతమవుతుంది, బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. ఇక స్పేసర్ స్ట్రట్ పైన కాకుండా స్ప్రింగుకి పెడితే ఇంకో కష్టం. నిలబడ్డప్పుడే షాకు సగానికి పైగా బయటికి వచ్చి ఉంటుంది, ఇక సాగడానికి చోటుండదు. 'ఢక్' శబ్దం అక్కడినుంచే.

సరైన కిట్ అంటే స్ప్రింగు, దానికి తగ్గ పొడుగు షాకు, రెండూ ఒకదానికొకటి కుదిర్చి చేసినవి. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకు ఊపుని ఆపుతుంది. ఒకటి మార్చి ఇంకొకటి మార్చకపోతే బండి పడవలా ఊగుతుంది. ఇంకా, ముందు 40–50 మి.మీ. దాటితే పై చేతులు కూడా మార్చాలి. 3 అంగుళాలు చెప్పిన షాపు పై చేతుల మాట ఎత్తిందా? బ్రేకు గొట్టాల పొడుగు, ఏబీఎస్ వైర్ల పొడుగు, స్టెబిలైజర్ లింకులు, బంప్ స్టాపులు, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, వీటి గురించి? ఇవేవీ లేకుండా పొద్దున ఇస్తే సాయంత్రం తీసుకుపో అన్నారంటే, ఎత్తు ఒక్కటే అమ్ముతున్నారని అర్థం.

#11 | నిర్మల్_థార్ | మే 12, ఉదయం 6:50

లేదన్నా, పై చేతుల మాట ఎవరూ ఎత్తలేదు. 3 అంగుళాలు మనసులోంచి తీసేశాను. ఇప్పుడు 40 మి.మీ. కిట్లలోనే చూస్తున్నాను. ఆస్ట్రేలియా కంపెనీలవి రెండు, ఇక్కడివి రెండు ఉన్నాయి. ఒక్కోదాంట్లో మళ్లీ స్ప్రింగులు మూడు రకాలు: మామూలు, అదనపు బరువు 50 కిలోల దాకా, 50 నుంచి 100 దాకా. ఏది తీసుకోవాలి?

#12 | కోణాలు_కొలతలు | మే 12, ఉదయం 8:20

ఊహతో తీసుకోకండి, తూకం వేయించండి. మీ దగ్గర జిన్నింగ్ మిల్లులు ఉంటాయి కదా, పత్తి ట్రాక్టర్లు తూకం వేసే కాటా ఏదైనా పనికొస్తుంది. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి. డీజిల్ ట్యాంకు నిండుగా, బండిలో రోజూ ఉండే సామాను ఉండగా, రోజూ ఎక్కే మనుషులు ఎక్కి ఉండగా చేయండి.

బరువు సరిపోని గట్టి స్ప్రింగు వేస్తే బండి కావలసినదాని కన్నా ఎక్కువ లేస్తుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. మెత్తది వేస్తే కొన్నాళ్లకే దిగిపోతుంది.

#13 | నిర్మల్_థార్ | మే 13, రాత్రి 8:45

అన్న చెప్పినట్టే మిల్లు కాటా మీద పెట్టాం. గుమాస్తా డబ్బులు కూడా తీసుకోలేదు. నేను, అమ్మ, రోజువారీ సామానుతో: ముందు 1,080, వెనక 930, మొత్తం 2,010 కిలోలు. నేను ఇన్నాళ్లూ వెనకే బరువు ఎక్కువ అనుకున్నాను. బంపర్, విన్చ్ వల్ల ముందే ఎక్కువుంది. ర్యాంపు మీద కొలిస్తే ముందు భాగం వెనకకన్నా 22 మి.మీ. కిందికి ఉంది.

#14 | జగిత్యాల_షార్జా | మే 13, రాత్రి 11:10

చాలా మంచి పని చేశావు తమ్ముడూ. ముందు 50–100 కిలోల స్ప్రింగు, వెనక మామూలుది. క్యారియర్ మీద ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తుంటేనే వెనక 50 కిలోలది. కిట్ అమ్మేవాళ్లు నాలుగూ ఒకే రకం ఇవ్వబోతారు, ఒప్పుకోకు. ముందు, వెనక విడివిడిగా ఎంచుకునే వీలు ఇచ్చే కంపెనీదే కొను. బ్రాండ్ పేరు కన్నా నాకు ఇదే ముఖ్యం. విడి షాకు, విడి బుష్ రేపు మన దగ్గర దొరుకుతాయా అన్నది రెండో ప్రశ్న.

#15 | బండి_పేపర్లు | మే 14, ఉదయం 10:00

నేను మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. అందరూ ఇష్టంగా మాట్లాడుకుంటున్నప్పుడు ఇది చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. స్టీల్ బుల్ బార్ మీద కూడా అభ్యంతరం ఉంది, పోలీసులు ఆపితే అది మొదట కనపడుతుంది.

పని చేయించే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక తనిఖీలో తెలిస్తే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. నేను చూసిన కేసుల్లో కుటుంబాలే నలిగిపోయాయి. పాత విడి భాగాలు పారేయకండి, స్ప్రింగులు, షాకులు అన్నీ ఇంట్లో భద్రపరచండి. కంపెనీ స్థితికి తిరిగి తేగలిగేలా ఉండాలి. బండి వారంటీలో ఉంటే ఆ మాట సర్వీస్ సెంటర్‌ని కూడా ముందే అడగండి.

#16 | నిర్మల్_థార్ | మే 14, మధ్యాహ్నం 1:15

చాలా థ్యాంక్స్ అండి. ఇది ఏ షాపువాళ్లూ చెప్పలేదు. ఈ రోజే ఇన్సూరెన్స్‌కి మెయిల్ పెడతాను. బంపర్ సంగతి కూడా ఆలోచిస్తాను.

#17 | వికారాబాద్_4x4 | మే 14, రాత్రి 9:30

షార్జా అన్నా, ఇదంతా చదివాక నాకే ఒక ప్రశ్న వచ్చింది. నా బండి 3 అంగుళాల తర్వాత హైవే మీద 90 దాటితే అటూ ఇటూ పోతోంది. మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. టైర్ల వల్ల అనుకున్నాను. అలైన్‌మెంట్ చేయించాను, 'ఓకే' అన్నారు.

#18 | జగిత్యాల_షార్జా | మే 14, రాత్రి 11:50

తమ్ముడూ, అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం అడిగి తీసుకో. అందులో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపేసి ఉంటారు. క్యాస్టర్ అంకె చూడు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా సైకిల్ నేరుగా పోవడానికి అదొక కారణం. అదే క్యాస్టర్. ముందు భాగం లేపినప్పుడు ఆ వాలు తగ్గుతుంది. నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ దానివే. పై చేతులు మార్చి క్యాస్టర్ వెనక్కి తెచ్చుకోవాలి, లేదా లిఫ్ట్ తగ్గించుకోవాలి. అంతవరకు 80 దాటించకు. నిజంగా చెప్తున్నా. సీవీ బూట్లు కూడా ఈ వారమే చూడు.

#19 | వికారాబాద్_4x4 | మే 17, సాయంత్రం 7:05

రిపోర్టు తెచ్చుకున్నాను. క్యాస్టర్ గడిలో రెండు పక్కలా ఎర్రగా ఉంది. ఎడమ బూటుకి చిన్న పగులు కూడా మొదలైంది. 40 మి.మీ.కి దించేస్తున్నాను. నిర్మల్ అన్నా, నా మొదటి పోస్ట్‌లో చెప్పింది పట్టించుకోవద్దు.

#20 | పాత_జీపు | మే 18, ఉదయం 6:15

అమ్మగారి విషయం ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. ఇంటి మెట్టు ఏడంగుళాలు ఉంటుంది. నేల నుంచి మీ ఫుట్ స్టెప్ ఎత్తు, అక్కడినుంచి లోపలి ఫ్లోర్ ఎత్తు టేపుతో కొలవండి. లిఫ్ట్, టైరు కలిసి ఇంకో రెండంగుళాలు పెరుగుతుంది. మా ఆవిడకి నేను చేసిన ఏర్పాటు చెప్తాను. కిందికి వేలాడే స్టెప్ బురదలో విరిగిపోతుంది, అందుకని చిన్న చెక్క పీట ఒకటి సీటు వెనక పెట్టాను, తాడు కట్టి. ఎక్కాక తాడు లాగి లోపల పెట్టుకుంటుంది. పైన పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్ వేయించాను. నొప్పి ఉన్న మోకాలు తర్వాత, బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కమనండి.

ఇంకొకటి, వాగు. బండి ఎత్తు పెరిగిందని వాగు లోతు తగ్గదు. కంపెనీ 650 మి.మీ. అని చెప్పింది నిలవ నీళ్ల మాట. పారే నీళ్లలో ముందు మనిషి కర్ర పట్టుకుని నడిచి చూడాలి. మోకాలు దాటి పారుతుంటే ఆగిపోండి, చేను ఎక్కడికీ పోదు.

#21 | కోణాలు_కొలతలు | మే 18, ఉదయం 9:40

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, యాక్సిల్ బ్రీదర్ గొట్టాలు (యాక్సిల్ లోపలికి గాలి ఆడే సన్న గొట్టాలు) చూసుకోండి. నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి పీలుస్తుంది. బ్రీదర్ చివర నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. లిఫ్ట్ తర్వాత ఆ గొట్టం పొడుగు చాలకపోవచ్చు కూడా. పొడుగు గొట్టం వేసి ఇంజిన్ గదిలో పైన కట్టించండి. వానాకాలం అయ్యాక డిఫరెన్షియల్ ఆయిల్ ఒకసారి దించి చూడండి, పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే.

#22 | నిర్మల్_థార్ | జూన్ 21, రాత్రి 9:10

ఆలస్యానికి క్షమించండి, విత్తనాల పనిలో పడ్డాను. చేయించింది రాస్తున్నాను.

40 మి.మీ. కిట్, ముందు 50–100 కిలోల స్ప్రింగు, వెనక మామూలుది, నాలుగు షాకులు. 16 అంగుళాల స్టీల్ రిమ్ములు, 265/75 ఆర్16 మడ్ టైర్లు. ఆల్ టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే టైర్లు) తీసుకోమని చాలామంది అన్నారు కానీ, మా నల్లమట్టి ఆ గాళ్లలో నిండిపోయి నాలుగు చక్రాల తిరుగుడుకే టైరు నున్నటి గుండులా అయిపోతుంది. పాత 18 అంగుళాల టైర్లు దాచాను, దీపావళి తర్వాత అవే వేస్తాను. కొత్త టైర్ల చప్పుడు హైవే మీద ఎక్కువే, తడి రోడ్డు మీద బ్రేకుకి ఇంకాస్త దూరం వదులుతున్నాను.

స్టీల్ బంపర్ తీసేశాను. పేపర్లు అన్న చెప్పింది రాత్రంతా ఆలోచించాను. విన్చ్ కూడా తీసేశాను, ఇప్పుడు లాగుడు తాళ్లు, పార ఉంచుతున్నాను. దాంతో ముందు బరువు తగ్గింది, కాటా మీద మళ్లీ పెడితే 1,000 వచ్చింది. షార్జా అన్నకి ఫోటో పంపి అడిగితే ముందు స్ప్రింగు 0–50 కిలోలది మార్చుకోమన్నారు. షాపువాళ్లు మార్చి ఇచ్చారు. ఇప్పుడు ముందు, వెనక తేడా 6 మి.మీ. మాత్రమే. అలైన్‌మెంట్ కాగితంలో క్యాస్టర్ రెండు పక్కలా పచ్చగానే ఉంది. హెడ్‌లైట్ల ఫోకస్ కూడా దించుకున్నాను, మొదటి రాత్రి ఎదురొచ్చిన ప్రతి లారీ లైట్లు కొట్టింది.

నిన్న గట్టి వాన తర్వాత చేనుకు పోయాం. గాలి 20కి దించాను. గట్టు దగ్గర డిఫరెన్షియల్ మళ్లీ రాసుకుంది, అన్న చెప్పినట్టే. ఆ తర్వాత నేను కాలువల్లోకి దిగలేదు, ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం ఒడ్డు మీద పెట్టి పోయాను. బండి ఆగలేదు. అమ్మ పీట వేసుకుని ఎక్కింది, దిగింది. వాగు మోకాలు దాటి పారుతోంది, ఇవతలే బండి ఆపి రెండు గంటలు కూర్చున్నాం.

ఒక్క సందేహం. వెనకనుంచి గుంతల్లో 'కిర్రు కిర్రు' మని శబ్దం వస్తోంది. కొత్తలో లేదు, నాలుగైదు రోజులనుంచి.

#23 | జగిత్యాల_షార్జా | జూన్ 22, రాత్రి 12:20

చదివి కడుపు నిండింది తమ్ముడూ.

ఆ శబ్దం వెనక లింకుల బుష్‌లది అయ్యుంటుంది. షాపులో బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించేసి ఉంటారు. రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టం ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. ముందు అరుస్తుంది, తర్వాత చిరుగుతుంది. బండిని నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టు. వెనక కింది, పై లింకుల బోల్టులు వదులు చెయ్యి, పూర్తిగా తీయొద్దు. బండిని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదులు, రబ్బరు తన చోటికి వస్తుంది. అప్పుడు టార్క్ స్పానర్‌తో, కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించు. ముందు చేతుల బోల్టులకీ అదే పద్ధతి, కానీ అవి కదిపితే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. శబ్దం వెనకనుంచే కాబట్టి మొదట వెనకవి చూడు.

#24 | నిర్మల్_థార్ | జూన్ 22, ఉదయం 6:05

సరే అన్నా. మా ఊరి మెకానిక్ దగ్గర టార్క్ స్పానర్ లేదు, ఇచ్చోడలో ట్రాక్టర్ షెడ్డు ఆయన దగ్గర ఉందట. ఈ పూట అమ్మని చేను దగ్గర దింపి అటే పోతున్నాను. సాయంత్రం చెప్తాను.